పాత హార్డ్‌డిస్క్ శుభ్రం చేయడం: ఈమాక్స్‌లో ఒక ప్రాజెక్టు డైరీ

సోమవారం

చిక్కడపల్లిలో ఒక డీటీపీ సెంటర్ వాళ్ల పాత హార్డ్‌డిస్క్ నా దగ్గరికి వచ్చింది. పెళ్లి కార్డులు, సంఘాల సావనీర్లు, కరపత్రాలు, బతుకమ్మ పాటల చిన్న పుస్తకాలు, సొంత ఖర్చుతో అచ్చేయించుకున్న కవితా సంకలనాలు, అన్నీ ఇందులోనే కంపోజ్ అయ్యాయి. సెంటర్ నడిపే సార్ కోరిందల్లా ఒక్కటే: చెత్త తీసేసి, పుస్తకాల ఫైళ్లు దొరికేలా చేసిపెట్టమని. ఆ సంకలనాలు వేసుకున్నవాళ్లలో చాలామంది దగ్గర ఇప్పుడు అచ్చు ప్రతి కూడా లేదట. అంటే కొన్ని పుస్తకాలకు ఈ డిస్కులోని ఫైలే మిగిలిన ఏకైక ప్రతి. అందుకే ఈ పని చాలా జాగ్రత్తగా చేయాలనుకున్నాను, చేసిన ప్రతి అడుగూ ఇక్కడ రాసిపెడుతున్నాను.

టెర్మినల్‌లో ఫైళ్లు వెతికే ఫైండ్ కమాండ్‌కి డిలీట్ ఆప్షన్ తగిలిస్తే క్షణాల్లో అయిపోతుంది కదా అని ఒక మిత్రుడు అన్నాడు. అవుతుంది. కానీ అందులో ఏం పోతోందో చదివే అవకాశం ఉండదు. కమాండ్ రాసినవాడి ఊహ ఎంతవరకు సరైనదైతే ఫలితం అంతవరకే సరైనది. ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో ఫైళ్లు చూసుకోవడానికి ఉన్న డైర్‌ఎడ్ అలా కాదు. ఫోల్డర్ తెరిస్తే లోపలున్న ఫైళ్ల జాబితా మామూలు టెక్స్ట్‌లాగా కనబడుతుంది. దాంట్లో వెతకొచ్చు, అక్కర్లేని లైన్లు దాచుకోవచ్చు, పోవాల్సిన ఫైలు పక్కన ‘డీ’ కొట్టి గుర్తు పెట్టుకోవచ్చు. గుర్తు పెట్టినంత మాత్రాన ఏదీ పోదు. మొత్తం మళ్లీ ఒకసారి చదువుకుని ‘ఎక్స్’ కొట్టినప్పుడే పోతుంది, అదీ ఒకసారి అడిగాకే. ఆ రెంటి మధ్య దొరికే సమయం కోసమే నేను ఈ పని ఎడిటర్‌లో చేస్తున్నాను.

ఇవాళ తయారీ మాత్రమే. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో కొత్త డిస్క్ ఒకటి కొన్నాను. అసలు డిస్కును రీడ్-ఓన్లీగా, అంటే చదవడమే తప్ప రాయడం కుదరకుండా మౌంట్ చేసి, కాపీలు తీసే ఆర్‌సింక్ ప్రోగ్రామ్‌లో ‘హైఫన్ ఏ’ ఆప్షన్ పెట్టి మొత్తం కాపీ తీశాను. ఆ ఆప్షన్ వల్ల ఫైళ్ల పాత తేదీలు చెక్కుచెదరకుండా వస్తాయి. మామూలుగా కాపీ చేస్తే అన్నిటికీ ఇవాళ్టి తేదీ పడుతుంది. ఏ ప్రతి ముందుది, ఏది తర్వాతది అని తేల్చడానికి ఇలాంటి పనిలో తేదీయే పెద్ద ఆధారం.

ఈమాక్స్‌లో ‘డిలీట్-బై-మూవింగ్-టు-ట్రాష్’ అనే సెట్టింగ్ ఆన్ చేశాను. దీంతో డైర్‌ఎడ్‌లో తీసేసినవి నేరుగా మాయం కాకుండా ట్రాష్‌లోకి పోతాయి. ఫోల్డర్‌ని లోపలి సరుకుతో సహా తీసేసేటప్పుడు డైర్‌ఎడ్ మామూలుగానే ఒక మాట అడుగుతుంది. ఆ సెట్టింగ్ ముట్టుకోలేదు.

మంగళవారం

ముందు ఎవరికీ అనుమానం లేని చెత్త. ‘ఫైండ్-నేమ్-డైర్‌ఎడ్’ కమాండ్ ఇస్తే ఏ ఫోల్డర్ నుంచి వెతకాలి, ఏ పేరు అని అడుగుతుంది. ఎంత లోతున ఉన్నా ఆ పేరున్న ఫైళ్లన్నీ ఒకే జాబితాలో వచ్చి పడతాయి, ఒక్కొక్కటీ తన ఫోల్డర్ దారితో సహా. విండోస్ బొమ్మల కోసం తయారుచేసుకునే ‘థంబ్స్ డాట్ డీబీ’, మ్యాక్ ప్రతి ఫోల్డర్‌లోనూ వదిలే ‘డీఎస్ స్టోర్’, వర్డ్ ఫైలు తెరిచి ఉండగా కరెంటు పోతే మిగిలిపోయే టిల్డా-డాలర్ (~$) ఫైళ్లు, ఇవి మొదటి విడత. ‘టీ’ కొడితే జాబితాలో అన్నిటికీ గుర్తు పడుతుంది. జాబితా పైనుంచి కిందిదాకా చూసి, పెద్ద ‘డీ’ కొట్టి ట్రాష్‌కి పంపాను. డిజైన్లు చేసే కోరల్‌డ్రా దానంతటదే దాచుకునే ‘బ్యాకప్ ఆఫ్’ అని మొదలయ్యే ఫైళ్లను మాత్రం ఇప్పుడే తీయలేదు. అసలు ఫైలు పక్కనే ఉండి, తెరుచుకుంటేనే బ్యాకప్ అక్కర్లేనిది అవుతుంది.

డైర్‌ఎడ్‌లో చెత్త కోసమే తయారుగా ఉన్న కీలు కొన్నున్నాయి. టిల్డా కొడితే పేరు చివర టిల్డా ఉన్న బ్యాకప్ ఫైళ్లకు, హ్యాష్ కొడితే ఆటోసేవ్ ఫైళ్లకు తీసివేత గుర్తు పడుతుంది. శాతం గుర్తు కొట్టి యాంపర్సాండ్ (&) కొడితే ‘చెత్త’ అనిపించుకునే ఎక్స్‌టెన్షన్లన్నిటికీ పడుతుంది: బీఏకే, ఓఆర్ఐజీ, ఆర్ఈజే, లాగ్, ఏయూఎక్స్, టీఓసీ, డీవీఐ. ఈ చివరి జాబితా ప్రోగ్రామ్‌లు రాసేవాళ్లనూ టెక్ (TeX) అనే టైప్‌సెట్టింగ్ ప్రోగ్రామ్ వాడేవాళ్లనూ దృష్టిలో పెట్టుకుని చేసినది. డీటీపీ సెంటర్ డిస్కుకు అది కొలత కాదు.

ఎందుకంటే, ఆ కీ కొట్టి గుర్తులు పడిన లైన్లు చదువుతుంటే ఒక బీఏకే ఫైలు సైజు దగ్గర కళ్లు ఆగాయి. పక్కనున్న అసలు పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) ఫైలు కన్నా అది ఎన్నో రెట్లు పెద్దది. సెంటర్‌లో మొదట్నుంచీ కంపోజింగ్ చేస్తున్న అక్కకి ఫోన్ చేసి పేరు చదివాను.

“తమ్మీ, అది తియ్యకు. అదే అసలుది. పార్టీ వచ్చి సగం పద్యాలు తీసెయ్యమన్నడు, తీసెయ్యబుద్ధి కాలే. ముందున్నది అట్ల దాచిపెట్టిన,” అంది.

“మరి బీఏకే అని ఎందుకు పెట్టావక్కా?”

“వేరేటోళ్లు ముట్టొద్దని.”

బుద్ధిగా పేరు మార్చి భద్రం చేసిన ప్రతికి డైర్‌ఎడ్ చెత్త అని గుర్తు పెట్టింది. ‘యూ’ కొట్టి ఆ గుర్తు తీసేశాను. ఎక్స్‌టెన్షన్ చూసి ఫైలు విలువ చెప్పలేమని పక్కన నోట్స్‌లో పెద్దగా రాసుకున్నాను. బీఏకే, ఓఆర్ఐజీ ఫైళ్లు ఇకమీదట అక్క చూడకుండా ఏవీ పోవు.

బుధవారం రాత్రి

ఇవాళంతా ఫాంట్ల ఫోల్డరే. ఇలాంటి పని చేసేవాళ్లందరికీ ఇది చెప్పాలి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

సెంటర్‌లో ఒకప్పుడు ముఖచిత్రాల కోసం ఒక మ్యాక్ ఉండేది. దాంట్లోంచి జిప్ చేసి తెచ్చినవి విప్పి ఉన్నాయి. మ్యాక్‌లో చేసిన జిప్‌ను వేరే సిస్టమ్‌లో విప్పితే ‘అండర్‌స్కోర్ అండర్‌స్కోర్ మ్యాక్ ఓఎస్ ఎక్స్’ అనే ఫోల్డర్ ఒకటి అదనంగా వస్తుంది. లోపల అన్నీ చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఫైళ్లే. ఇవి చూడగానే తీసేయడం అందరికీ అలవాటు, చాలాచోట్ల అది సరైనదే. ఆ చిన్న ఫైళ్లలో ఐకాన్ స్థానం, ఫైలు రకం లాంటి వివరాలు తప్ప ఏమీ ఉండవు.

కానీ పాత మ్యాక్ ఫైలుకు రెండు భాగాలుండేవి: డేటా ఫోర్క్, రిసోర్స్ ఫోర్క్. మ్యాక్ కోసం చేసిన పోస్ట్‌స్క్రిప్ట్ టైప్ 1 అనే పాత రకం ఫాంట్లలో అక్షరాల రూపాలన్నీ రిసోర్స్ ఫోర్క్‌లోనే ఉంటాయి, డేటా ఫోర్క్ ఖాళీ. జిప్‌లో పెట్టి వేరే సిస్టమ్‌లో విప్పినప్పుడు ఈ రెండూ విడిపోతాయి. అసలు పేరున్న ఫాంట్ ఫైలు సున్నా బైట్లతో కనిపిస్తుంది. ఫాంట్ మొత్తం ఆ ‘చెత్త’ ఫోల్డర్‌లోని చుక్క-అండర్‌స్కోర్ ఫైల్లో ఉంటుంది.

ఇప్పుడు ఎవరైనా మామూలు పద్ధతిలో శుభ్రం చేస్తే ఏమవుతుందో చూడండి. ముందు మ్యాక్ ఫోల్డర్ తీసేస్తారు. తర్వాత ఖాళీ ఫైళ్లు వెతికి సున్నా బైట్లవి తీసేస్తారు. రెండు అడుగులూ విడివిడిగా చూస్తే సబబే. రెండూ కలిస్తే ఫాంట్ ఆనవాలు కూడా మిగలదు. పాత తెలుగు డీటీపీ ఫైళ్లలో పాఠం యూనికోడ్‌లో ఉండదు, ఏ ఫాంట్‌తో కంపోజ్ చేశారో ఆ ఫాంట్ సంకేతాల్లో ఉంటుంది. ఫాంట్ పోతే పుస్తకం తెరుచుకున్నా ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలగలిసి కనిపిస్తాయి తప్ప తెలుగు కనిపించదు.

నేను చేసింది ఇది. ‘ఫైండ్-డైర్‌ఎడ్’కి చుక్క-అండర్‌స్కోర్‌తో మొదలయ్యే పేర్లని, దాంతోపాటు సైజు కొన్ని కిలోబైట్లు దాటినవని షరతు పెట్టాను. వచ్చిన జాబితాలో పెద్దవన్నీ ఫాంట్ల ఫోల్డర్ నుంచే. వాటిని, జతగా ఉన్న సున్నా బైట్ల ఫైళ్లను కలిపి ‘మ్యాక్ ఫాంట్లు – ముట్టవద్దు’ అనే ఫోల్డర్‌లోకి పెద్ద ‘ఆర్’ కొట్టి తరలించాను. ఆ తర్వాతే మిగిలిన చిన్నవాటిని తీసేశాను.

గురువారం

పేర్ల సమస్య. ‘హైదరాబాద్’ అనే పేరుతో ఒకే చోట రెండు ఫోల్డర్లు. స్పెల్లింగ్ ఒకటే, తేడా కంటికి కనబడదు. ఒకే చోట ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు ఉండే వీల్లేదు కాబట్టి ఎక్కడో తేడా ఉండి తీరాలి.

కర్సర్‌ని పేరు మీద పెట్టి కంట్రోల్-యూ, కంట్రోల్-ఎక్స్, ఈక్వల్ కొడితే ఆ అక్షరం వెనకున్న కోడ్‌లన్నీ ఈమాక్స్ విప్పి చూపిస్తుంది. ఒక దాంట్లో ‘హ’ తర్వాత ఐత్వం ఒకటే కోడ్, 0C48. రెండో దాంట్లో అదే ఐత్వం రెండు ముక్కలు: ఎత్వం 0C46, దాని కింద ఐత్వపు గుర్తు 0C56. యూనికోడ్ ప్రకారం ఈ రెండూ సమానం, తెర మీద ఒకేలా కనిపిస్తాయి. కానీ నేను వాడే లైనక్స్‌లో ఫైల్‌సిస్టమ్ (డిస్కు మీద ఫైళ్లను భద్రపరిచే వ్యవస్థ) బైట్లను మాత్రమే చూస్తుంది. మొదటి పేరు 27 బైట్లు, రెండోది 30. పాత మ్యాక్‌ల హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్‌సిస్టమ్ పేర్లను ఇలా విడగొట్టి దాచుకునేది. అక్కడ చేసిన జిప్‌లోంచి ఆ విడిపోయిన పేరే బయటికొచ్చింది.

మన ఊరి పేరులోనే ఐత్వం ఉండడంతో ఈ డిస్కులో ఇది అడుగడుగునా తగిలింది. సెర్చ్‌లో ‘హైదరాబాద్’ అని కొడితే సగం ఫైళ్లే వచ్చేవి. వెతికినవాళ్లు ఫైలు లేదనుకునేవాళ్లు, అది కళ్లముందే ఉండేది.

డైర్‌ఎడ్‌లో కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-క్యూ కొడితే జాబితాలోని పేర్లు మామూలు టెక్స్ట్‌లా దిద్దుకోవచ్చు. దీన్ని డబ్ల్యూడైర్‌ఎడ్ అంటారు. వెతికి మార్చే క్వెరీ-రీప్లేస్ కమాండ్‌లో రెండు ముక్కల ఐత్వాన్ని కోడ్ నంబర్లతో ఇచ్చి, దాని చోట ఒకే కోడ్ ఐత్వం పెట్టాను. ఒక్కో పేరు దగ్గరా ఆగి అడుగుతుంది, ‘వై’ కొడుతూ పోవడమే. చివర్లో కంట్రోల్-సీ, కంట్రోల్-సీ కొడితే అప్పుడు నిజంగా పేర్లు మారతాయి. కంట్రోల్-సీ, కంట్రోల్-కే కొడితే ఏదీ మారకుండా వెనక్కి వచ్చేయొచ్చు. జంటగా ఉన్న ఫోల్డర్ల దగ్గర మాత్రం ముందే ఒకదాని పేరు చివర ‘మ్యాక్’ అని చేర్చి, తర్వాత దిద్దాను. లేకపోతే ఒకే పేరు మీదికి రెండూ వస్తాయి.

కంటికి కనబడనిది ఇంకోటి, పొల్లు తర్వాత వచ్చే జీరో-విడ్త్ నాన్-జాయినర్, అంటే అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు. ‘ఫ్రంట్‌పేజీ’ లాంటి మాటల మధ్యలో అది ఉండాలి, లేకపోతే తర్వాతి అక్షరం ఒత్తుగా మారిపోతుంది. పేరు చివర దాని అవసరం లేదు. ఫోన్‌లో టైప్ చేసి పంపిన ఫైళ్లలో చాలావాటికి చివర అది అంటుకుని ఉంది. చుక్కకు ముందున్న 200C కోడ్‌ని వెతికి తీసేశాను. మాట మధ్యలోవి అలాగే ఉంచాను.

పొడుగు పేర్ల గురించి ఒక్క మాట. లైనక్స్ ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4లో ఒక పేరుకు 255 బైట్లే హద్దు. తెలుగులో ఒక్కో కోడ్‌కి 3 బైట్లు, అంటే మొత్తం 85 కోడ్‌లు. ‘క్ష’ ఒక్కదానికే 9 బైట్లు. సావనీర్ పేరు, సంఘం పేరు, ఊరు, సంవత్సరం అన్నీ కలిపి ఫైలు పేరుగా పెడితే హద్దు త్వరగానే వచ్చేస్తుంది. ముందు సంవత్సరం చేర్చబోతే కొన్నిటికి పేరు మరీ పొడుగైందని ఎర్రర్ వచ్చింది. వాటిలో సంఘం పేరును ఫోల్డర్‌కి మార్చాను.

శుక్రవారం

అచ్చంగా ఒకేలా ఉన్న నకళ్లు. టెర్మినల్‌కి వెళ్లకుండానే, కంట్రోల్-యూ కొట్టి షెల్ కమాండ్ ఇస్తే ఫలితం నేరుగా బఫర్‌లో, అంటే ఈమాక్స్‌లో తెరిచి ఉన్న టెక్స్ట్‌లో పడుతుంది. ఒక ఫోల్డర్ కింద ఉన్న ప్రతి ఫైలుకీ షా-256 సంకేతం లెక్కగట్టించి, వచ్చిన లైన్లను ‘సార్ట్-లైన్స్’తో వరసలో పెట్టాను. సంకేతంలో 64 అక్షరాలుంటాయి, లోపలి సరుకు ఒక్క బైటు తేడా ఉన్నా మొత్తం మారిపోతుంది. వరసలో పెట్టాక ఒకేలాంటి ఫైళ్లు పక్కపక్కన చేరతాయి. లైను మొదట్లోని 64 అక్షరాలే కింది లైనులోనూ మళ్లీ వస్తే ఆగేలా ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (వెతకడానికి ఇచ్చే నమూనా) రాసుకున్నాను, అది జంట నుంచి జంటకు తీసుకెళ్తుంది.

ఇక్కడ కూడా ఏ ప్రతి ఉంచాలన్నది మనిషే నిర్ణయించాలి. పుస్తకం ఫోల్డర్‌లో ముఖచిత్రం, లోపలి పేజీలు, బొమ్మలు కలిసి ఉంటే ఆ ప్రతి ఉంచాను. ‘న్యూ ఫోల్డర్’లో ఒంటరిగా ఉన్నది తీశాను. పేజ్‌మేకర్ పేజీలో పెట్టిన బొమ్మలు చాలావరకు బయట ఫైళ్లుగానే ఉంటాయి. లింకు తెగితే పేజీలో మసక బొమ్మ మిగులుతుంది, అచ్చుకి అది పనికిరాదు. నకలు కదా అని బొమ్మల ఫోల్డర్‌లోంచి ఒకటి లాగేస్తే జరిగేది అదే.

ఆదివారం

అక్క వచ్చి పక్కన కూర్చుంది. ఈ ప్రాజెక్టు మొత్తంలో విలువైన పూట ఇదే.

సంకేతాలు కలవనివి, కానీ ఒకే పుస్తకానివి మిగిలాయి: ఫైనల్, ఫైనల్2, లాస్ట్, ప్రూఫ్3, పార్టీ ఓకే. నేను సైజు పెద్దగా ఉన్నదే పూర్తి ప్రతి అయ్యుంటుందన్నట్టు జాబితా తయారుచేసి పెట్టాను. అక్క ఒప్పుకోలేదు. పేజ్‌మేకర్‌లో ఊరికే సేవ్ కొడుతూ పోతే ఫైలు ఉబ్బుతూ పోతుందని, ట్రేసింగ్ (ప్రెస్సుకు ఇచ్చే ప్రింట్) తీసే ముందు ‘సేవ్ యాజ్’ కొడితే కుదించుకుపోతుందని చెప్పింది. అందుకని ప్రెస్సుకు వెళ్లిన ప్రతి చాలాసార్లు సైజులో చిన్నది. ‘పార్టీ ఓకే’ అంటే రాసినాయన ప్రూఫ్ చూసి సంతకం పెట్టినది. ‘ఫైనల్’ అంటే సెంటర్ వాళ్లు పంపినది, ఆయన ఇంకా చూడనిది. ఆ తర్వాత మళ్లీ దిద్దుబాట్లు వచ్చేవట.

జాబితాను ‘ఎస్’ కొట్టి తేదీల వరసలో పెట్టాం. అక్క చదువుతూ పోయింది, నేను గుర్తులు పెడుతూ పోయాను. తేల్చేసిన లైన్లను ‘కే’ కొట్టి కనబడకుండా చేశాను. ‘కే’ లైనును జాబితాలోంచి మాత్రమే తీస్తుంది, డిస్కు మీది ఫైలును ముట్టదు. తేలనివి మాత్రమే కళ్లముందు మిగిలేసరికి పని తేలికైంది, చేటలో బియ్యం ఏరుతుంటే రాళ్లు చివర్లో ఒక పక్కకు చేరినట్టు.

“ఈ పాటల పుస్తకం ఎవరిదో యాదికొస్తలేదు,” అంది ఒక దగ్గర. తెరిచి చూస్తే లోపలి పేజీలు మాత్రమే ఉన్నాయి, ముఖచిత్రం లేదు. ఎనిమిదో వంతు డెమ్మీ (మామూలు పుస్తకం సైజు), రెండు ఫారాలు (అచ్చు షీట్లు), బతుకమ్మ పాటలు. అచ్చుకి వెళ్లిందో లేదో తెలియదు. ‘పేరు తెలియాలి’ అనే ఫోల్డర్ ఒకటి చేసి అందులో పెట్టాం. అలాంటివి ఇంకా కొన్ని చేరాయి.

సోమవారం

ఖాళీ ఫోల్డర్లు. వీటిని చివరిదాకా ఆపడానికి కారణం ఉంది. ‘థంబ్స్ డాట్ డీబీ’ ఒక్కటి ఉన్నా ఫోల్డర్ ఖాళీ కాదు కాబట్టి చెత్త ముందు పోవాలి. ‘ఫైండ్-డైర్‌ఎడ్’లో ఫోల్డర్ రకం, ఖాళీ అని షరతు పెడితే జాబితా వస్తుంది. అవి తీశాక ‘జీ’ కొడితే అదే వెతుకులాట మళ్లీ నడుస్తుంది, ఈసారి పిల్లలు పోయి ఖాళీ అయిన పై ఫోల్డర్లు దొరుకుతాయి. ఇక ఏదీ రాకుండా పోయేదాకా అలా చేయడమే. ఒక కవి పేరుతో ఉన్న ఖాళీ ఫోల్డర్ మాత్రం ఉంచాను. ఫోల్డర్ ఉందంటే ఫైలు ఎక్కడో ఉండాలి. అక్క దగ్గర పాత సీడీల పెట్టె ఒకటి ఉందట, దాంట్లో చూడాలి.

ట్రాష్ ఇంకా ఖాళీ చేయలేదు. సెంటర్ సార్ కొత్త డిస్కుతో కొన్నాళ్లు పనిచేసి, ఏదీ లోటు లేదని చెప్పాకే చేస్తాను. అసలు డిస్కు మీద ‘రాయొద్దు’ అని స్టిక్కర్ అంటించి ఆయనకే తిరిగి ఇచ్చేశాను.

మిగిలిన పని: ‘బ్యాకప్ ఆఫ్’ ఫైళ్లను అసలు వాటితో పోల్చి చూడడం, ‘పేరు తెలియాలి’ ఫోల్డర్‌లోని పేజీలను ప్రింట్ తీసి అక్కకి ఇవ్వడం, సీడీల పెట్టె తెప్పించుకోవడం. సీడీలను కూడా ముందు కాపీ తీసుకునే తెరుస్తాను. ఫాంట్ల ఫోల్డర్ నుంచి టైప్ 1 ఫాంట్లను మళ్లీ వాడుకునేలా మార్చడం వచ్చే వారం మొదలుపెడతాను, అది అయ్యాక ఆ బతుకమ్మ పాటలను యూనికోడ్‌లోకి తేవాలి.